పైపు లేని కుళాయి

స్క్రిప్టే లేని షోకి ఆమె స్క్రిప్ట్ రైటర్.

అదెలా అని అడక్కండి. ‘అంతా నిజమే’ అనే ఆ టీవీ షోలో కొందరు కుర్రకారు ఒకే ఇంట్లో ఉంటారు. ప్రేమించుకుంటారు, పోట్లాడుకుంటారు, గోడకి ఆనుకుని ఏడుస్తారు. అదంతా వాళ్లంతట వాళ్లే చేస్తారని జనం నమ్మకం. ఎవరు ఎవర్ని ఎప్పుడు ప్రేమించాలో, ఏ కంట్లోంచి ముందు నీళ్లు రావాలో రాసేది మాత్రం ఈ అమ్మాయి. యూనిట్‌లో అందరూ రైటరమ్మా అని పిలుస్తారు. టీవీలో ఆమె పేరు పడదు. లేని స్క్రిప్టుకి రైటర్ ఫలానా అని ఎలా వేస్తారు మరి?

షో మొదలయ్యే ముందు తెర మీద ఒక వాక్యం పడేది. ‘ఇందులో ఏదీ కల్పితం కాదు’ అని. అది కూడా ఆమే రాసింది. రాసిన రోజు భలే కుదిరిందని మురిసిపోయింది. కొరివితో తల గోక్కున్నానని తర్వాత తెలిసొచ్చింది.

ఒకరోజు వంటింటి సీను తీస్తున్నారు. పోట్లాట అయిపోయాక అందరూ మౌనంగా ఉండాలి, కుళాయి ఒక్కటే బొట్టు బొట్టుగా కారుతుండాలి అన్నాడు డైరెక్టర్. కుళాయి కారనంది. ప్లంబర్‌కి కబురు వెళ్లింది.

అతను వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. భుజాన పనిముట్ల సంచి. సింకు కింద దూరినవాడు చాలాసేపు బయటికి రాలేదు. చివరికి తల మాత్రం బయటపెట్టాడు.

"మేడం, ఈ కుళాయికి పైపు లేదు."

"తెలుసు."

"తెలిసే పిలిచారా?"

"అవును. కారేలా చెయ్యండి."

"కారకుండా చెయ్యమని పిలుస్తారండీ జనం. కారేలా చెయ్యమన్నవాళ్లు మీరే మొదలు. అదీ పైపు లేకుండా!"

"పోనీ, చేతకాదని చెప్పండి. ఇంకొకర్ని పిలుచుకుంటాం."

"చేతకాదని ఎవరన్నారు?"

ఆ మాటంటున్నప్పుడు అతని ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేచింది. రెండోది ఉన్నచోటే ఉంది. ఆమెకి ఒళ్లు మండింది. నిజానికి అందులో పొగరేమీ లేదు పాపం. ఏదైనా శ్రద్ధగా వింటే ఆ కనుబొమ్మ దానంతటదే లేస్తుంది. దాని మూలంగా చిన్నప్పుడు బడిలో ఎన్ని దెబ్బలు తిన్నాడో లెక్కలేదు.

సింకు వెనక ఒక సెలైన్ సీసా వేలాడదీసి, సన్నటి గొట్టం తగిలించి, కుళాయిని కారించాడు.

"మేడం, ఎంత బాధకి ఎంత నీళ్లు కావాలి?"

"ఇవాళ మామూలు బాధే. పెద్ద బాధ శుక్రవారం ఉంది."

చెప్పేశాక తనేమందో తనకే వినపడి ఆమెకి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని పక్కకి తిరిగింది. అతను చూడనే చూశాడు.

ఆ నవ్వు సంగతి అలా ఉంచండి. మానిటర్ ముందున్న డైరెక్టర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎవడయ్యా వాడు? ఆ కనుబొమ్మ చూడండి! అచ్చం మోసగాడి కనుబొమ్మ!"

ఆ రోజే షోలో మోసగాడి వేషం వేసేవాడికి ఆటలమ్మ పోసింది. అంతే, సాయంత్రానికల్లా ప్లంబర్‌కి కోటు తొడిగారు. టీవీలో పేరుమోసిన వ్యాపారవేత్త అయిపోయాడు. వారం తిరక్కుండానే జనం అతనికి ‘కనుబొమ్మ’ అని పేరు పెట్టేశారు.

కథ ప్రకారం అతను అమాయకమ్మని ప్రేమించినట్టు నటించి మోసం చెయ్యాలి. అమాయకమ్మంటే ఆ షోలో పెద్ద కళ్ల అమ్మాయి. ఆమె ఏడిస్తే ఇళ్లల్లో స్టవ్ మీద పాలు పొంగిపోయేవి, చూసే దిక్కుండేది కాదు. కెమెరా ఆగిందంటే మాత్రం ఎవరి బిస్కెట్లు ఎక్కడున్నాయా అని వెతుక్కునే మనిషి.

మోసం చేసే డైలాగు కనుబొమ్మకి ఎంతకీ నోరు తిరగలేదు. రైటరమ్మ రిహార్సల్ చేయించింది.

"నన్ను ఆ అమ్మాయి అనుకోండి. నా కళ్లల్లోకి చూసి చెప్పండి. ‘నిన్ను నేనెప్పుడూ ప్రేమించలేదు.’ అంతే."

"నిన్ను నేనెప్పుడూ..."

"ఊఁ, తర్వాత?"

"మిమ్మల్ని చూస్తుంటే ఆ చివరి ముక్క రావట్లేదండీ. గోడని చూసి చెప్పనా?"

"సరే, గోడకే చెప్పండి."

గోడకి గడగడా చెప్పేశాడు. ఆమెకేమో చెవులు ఎర్రబడ్డాయి. కాగితాల్లో తలదూర్చి, లేని అక్షరదోషాలు దిద్దుతూ కూర్చుంది.

మర్నాడు టీ కప్పు పట్టుకుని హడావిడిగా వస్తూ, నేల మీదున్న కేబుల్ తగిలి చతికిలబడింది. మనిషి నేల మీద, చెయ్యి మాత్రం పైన. కప్పులోంచి చుక్క ఒలకలేదు. లేవకుండానే "టీ కావాలా?" అంది. అతను కడుపుబ్బ నవ్వాడు. అప్పటికి కెమెరా ఇంకా తిరుగుతోంది. పనికొచ్చే నవ్వు దొరికిందని ఎడిటర్ దాన్ని భద్రంగా దాచుకున్నాడు.

షోలో వాన కురిపించే పని కూడా అతనికే అప్పగించారు. ఒక సాయంత్రం ప్యాకప్ అయ్యాక ఆమె సెట్టు పెరట్లో నిలబడి ఉంటే, నెత్తి మీద జల్లు మొదలైంది. చూస్తే, నిచ్చెన మీద అతను.

"ఇది ఏ సీనుకి?"

"ఏ సీనుకీ కాదండీ. మీకే."

"తడిసిపోతున్నాను బాబూ!"

"కట్ చెప్పండి, ఆపేస్తాను."

ఆమె చెప్పలేదు. ట్యాంకులో నీళ్లు అయిపోయేదాకా అలాగే నిలబడింది. అతను నిచ్చెన దిగి వచ్చి, "మీ ఇంటికొచ్చి పెద్దవాళ్లని అడుగుతాను" అన్నాడు. ఆమె తలూపింది. ఊపిన తల సగంలో ఆగిపోయింది.

"అయ్యో, నానమ్మ!"

అమ్మానాన్నలు ఉద్యోగాలంటూ తిరుగుతుంటే, ఆమెని పెంచి పెద్ద చేసింది నానమ్మే. ఆమె చెప్పే పిచ్చి కథలకి చిన్నప్పుడు ఊఁ కొట్టింది కూడా నానమ్మే. నానమ్మ వద్దన్నవాడిని చేసుకోవడం ఆమె వల్ల కాదు. ఆ నానమ్మ ‘అంతా నిజమే’ని ఒక్క రోజు కూడా వదల్లేదు. మనవరాలు అక్కడ కూర్చుని వాళ్లు మాట్లాడుకున్నవన్నీ రాసుకుంటుందని ఆవిడ ఉద్దేశం.

ఆదివారం అతను వచ్చి తలుపు తట్టాడు. తీసింది నానమ్మే.

"ఓరి నీ దుంపతెగ! నువ్వా!"

"నమస్కారమండీ."

"ఆ పిల్లని ఏడిపించింది చాలక నా మనవరాలి మీద పడ్డావా? దించు! ముందా కనుబొమ్మ దించు!"

"అది దానంతటదే లేస్తుందండీ."

"ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదంటారు. నువ్వు అంతకంటే ఘనుడివి. ఎదుటి మనిషి ఏడుస్తుంటే నవ్వావు!"

అదే ఆ నవ్వు. కేబుల్ తగిలి పడ్డప్పటి నవ్వు. ఎడిటర్ దాన్ని తెచ్చి అమాయకమ్మ ఏడుపు పక్కన అతికించాడు.

"నానమ్మా, అదంతా నేను రాసిందే" అంది రైటరమ్మ.

"అతను అన్నది నువ్వు రాసుకున్నావు. నీ తప్పేముందమ్మా?"

"కాదే! ముందు నేను రాస్తాను, తర్వాత వాళ్లు అంటారు!"

"చెప్పొచ్చావులే. ఇందులో ఏదీ కల్పితం కాదని మొదట్లోనే వేస్తారు. నాకు చదవడం రాదనుకున్నావా?"

రైటరమ్మకి మింగలేక కక్కలేక అయింది. తలుపు పడింది. అమ్మానాన్నల్ని ఫోన్లో అడిగితే, "మీ నానమ్మ సరేనంటే మాకూ సరే" అని చేతులు దులుపుకున్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. టీవీలో చెడ్డవాడైనవాడు టీవీలోనే మంచివాడు కావాలి. ఆమె డైరెక్టర్ దగ్గరికెళ్లింది.

"సార్, కనుబొమ్మని మంచివాణ్ణి చేద్దాం."

"మంచివాళ్లు బయట బోలెడంతమంది ఉన్నారమ్మా. వాళ్లని చూడ్డానికి టీవీ ఎందుకు?"

అయినా ఆమె ఊరుకోలేదు. అమాయకమ్మ కాలుజారి నీళ్ల తొట్టెలో పడినట్టు, అతను చెయ్యి అందించి పైకి లాగినట్టు ఒక సీను రాసింది. చక్కగా వచ్చింది. టీవీలో చూస్తే, ముందు చాచిన అతని చెయ్యి కనిపించింది, తర్వాత ఆ అమ్మాయి నీళ్లల్లో పడింది.

"ఇదేం పని?" అని ఎడిటర్‌ని నిలదీసింది.

"రెండూ జరిగినవే కదా! వరస మార్చానంతే" అన్నాడతను.

ఇంటికెళ్లేసరికి నానమ్మ చేతిలో ఫోన్.

"నీళ్లల్లోకి తోశాడే! పోలీసులకి చెబుతానంటే పక్కింటివాళ్లు అడ్డం పడ్డారు."

రైటరమ్మ తల పట్టుకుంది. మర్నాడు నానమ్మ చెయ్యి పట్టుకుని తిన్నగా సెట్టుకి తీసుకొచ్చింది. గోడ తట్టి చూపించింది, గోడ ఊగింది. కిటికీ తెరిచింది, బయట చెట్లు అట్ట మీద వేసిన బొమ్మలు. సింకు వెనక సెలైన్ సీసా చూపించింది. కన్నీళ్ల కోసం వాడే గ్లిజరిన్ సీసా చేతిలో పెట్టింది. నానమ్మ అన్నీ ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది. కుళాయి తిప్పి చూసింది. ముక్కు మీద వేలేసుకుంది.

"ఇప్పుడైనా నమ్మావా?"

"నమ్మక చస్తానా! ఒక్కడి కోసం, నన్ను ఏమార్చడానికి, ఇంత ఇల్లూ అట్టలతో కట్టించావా! నీకెంత పిచ్చి పట్టిందే తల్లీ! సరే, అసలు ఇల్లెక్కడుందో అది చూపించు."

రైటరమ్మకి ఇంక ఓపిక లేకపోయింది. ఓ మూల కనుబొమ్మ కోటు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆమె అతన్ని చూసి, నానమ్మకేసి తిరిగింది.

"నానమ్మా, ఇతనంటే నాకు ఇష్టం. నువ్వు కాదంటే చేసుకోను. కానీ ఇంకెవర్నీ కూడా చేసుకోను."

"డైలాగు బాగుంది. ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు!"

బొటబొటా కన్నీళ్లు. నానమ్మ ఆ కన్నీళ్లకేసి ఒకసారి, తన చేతిలో ఉన్న గ్లిజరిన్ సీసాకేసి ఒకసారి చూసింది. రైటరమ్మకి ఉక్రోషం వచ్చింది. అయినా పెద్దావిడని తీసుకొచ్చి మంచినీళ్లైనా ఇవ్వలేదని గుర్తొచ్చి, ఏడుస్తూనే విసవిసా వెళ్లి టీ పట్టుకొచ్చింది. కన్నీళ్లల్లో దారి కనపడలేదు. అదే కేబుల్ తగిలింది.

దబ్బున చతికిలబడింది. మనిషి నేల మీద, చెయ్యి మాత్రం పైన.

"టీ... నానమ్మా" అంది వెక్కుతూ.

కనుబొమ్మ ఆపుకోలేకపోయాడు. ఆమెని లేపడానికి పరిగెత్తుకొస్తూనే పకపకా నవ్వేశాడు. ఆమె ఏడుస్తోంది, అతను నవ్వుతున్నాడు. అతని మొహం చూసి ఏడుపు మధ్యలోనే ఆమెకీ నవ్వొచ్చింది.

నానమ్మ కళ్లు చికిలించుకుని చూసింది.

"ఆగు. ఆ పిల్ల ఏడుస్తుంటే నువ్వు నవ్విన నవ్వు ఇదే కదూ?"

"ఇదేనండీ. ఆ రోజు కూడా ఈవిడే పడింది."

"చేతిలో ఏముంది అప్పుడు?"

"టీ అండీ."

"ఒలికిందా?"

"ఒక్క చుక్క కూడా లేదండీ."

నానమ్మ మొహం మెత్తబడింది. "చిన్నప్పట్నుంచీ దీని వరస ఇంతే. తను పడుతుంది గానీ చేతిలోది పడనివ్వదు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప పైవాళ్లకి తెలీదు" అంది. వంగి కప్పు అందుకుంది. "అయితే నువ్వు నవ్వింది నా మనవరాల్ని చూసి."

"ఇంకెవర్ని చూసీ అలా నవ్వు రాదండీ" అన్నాడు కనుబొమ్మ. ఆ ముక్క చెప్పడానికి అతనికి గోడ అవసరం రాలేదు.

రైటరమ్మ ఊపిరి పీల్చుకుంది. కానీ నానమ్మ అంత తేలిగ్గా లొంగే మనిషా?

"ఉండండి. దీని సంగతి తర్వాత. ముందు ఆ పిల్లకి క్షమాపణ చెప్పు. దాని ఉసురు తగిలిన మొగుడు నా మనవరాలికి వద్దు."

అమాయకమ్మని పిలిచారు. బుగ్గనిండా బిస్కెట్లతో వచ్చింది. కనుబొమ్మ చేతులు జోడించి, "నన్ను క్షమించు" అన్నాడు. ఆమె బిస్కెట్టు మింగి, తన పెద్ద కళ్లు ఇంకా పెద్దవి చేసి, పరిస్థితి చటుక్కున గ్రహించింది.

"క్షమించాను అన్నయ్యా" అంది.

నానమ్మ తృప్తిగా నిట్టూర్చింది. అన్నయ్యా అన్నాక ఇంకేముంది? ఆ పాత ప్రేమ కథ అక్కడికక్కడే సమాప్తం.

"కట్! అద్భుతం!" అని అట్టగోడ వెనకనుంచి డైరెక్టర్ దూకాడు. కెమెరా తిరుగుతూనే ఉంది మరి. "వన్ మోర్!"

"వన్ మోరేమిటయ్యా నీ మొహం!" నానమ్మ విరుచుకుపడింది. "ఒకసారి అన్నయ్య అంటే అన్నయ్యే. మళ్లీ మళ్లీ అనడానికి ఇదేమైనా నాటకమా?"

డైరెక్టర్ జన్మలో మొదటిసారి ఒక్క టేకుతో సరిపెట్టుకున్నాడు.

నానమ్మ టీ తాగి, కప్పు కింద పెట్టి, మూతి తుడుచుకుని, కనుబొమ్మని ఎగాదిగా చూసింది. అతని ఎడమ కనుబొమ్మ దానంతటదే లేచింది. ఈసారి ఆవిడ దించమనలేదు.

"నువ్వు నిజంగా ప్లంబర్‌వేనా?"

"నిజంగానే అండీ."

"మా వంటింట్లో కుళాయి ఒకటే కారడం. దానికి పైపు కూడా ఉంది. సాయంత్రం వచ్చి చూడు." గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. "భోజనం వేళకి రా. పనైపోయాక వెళ్లిపోకు, మాట్లాడాలి."