పెరగని రాళ్లకుప్ప

మా ఊరి పేరు చెప్పను. చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్యలో ఉన్నది, అంతవరకే. పేరు చెబితే ఫామ్‌హౌస్‌ల వాళ్లు శని, ఆదివారాలు రావడం మానేస్తారని మా సర్పంచి నర్సింహులు భయం. దెయ్యం ఉన్న ఊళ్లో వాళ్లకు ఈతకొలనులో కాలు పెట్టబుద్ధి కాదట.

మెయిన్‌రోడ్డు దిగి ఊళ్లోకి వచ్చే మట్టిబాట మలుపులో, సీతాఫలం చెట్ల పక్కన, ఒక రాళ్లకుప్ప ఉన్నది. మోకాలెత్తు ఉంటుంది. చూస్తే ఏమీ లేదు. కానీ పొద్దుగూకాక ఆ మలుపు దాటే ప్రతివాడూ — బండి ఆపి, ఒక రాయి తీసి, ఎడమ చేత్తో కుప్ప మీదికి విసిరి, వెనక్కి చూడకుండా పోవాలి. లేకపోతే... కింద ఉన్నది లేస్తుంది.

నవ్వకండి. చందనవెల్లిలో డేటా సెంటర్‌కు పోయే ఇంజనీరు కూడా విసురుతాడు. హెల్మెట్ మరిచిపోతాడు గానీ రాయి మరవడు. నేనూ విసిరాను, నలభై ఏళ్లపాటు.

అసలు భయం వేరే. రోజుకు ముప్పై నలభై రాళ్లు పడతాయి కదా, ఇన్నేళ్లకు అక్కడ ఒక గుట్ట లేవాలి. లేవలేదు. ఎప్పుడు చూసినా మోకాలెత్తే. రాత్రి పడ్డ రాళ్లు తెల్లారేసరికి ఉండవు.

"తింటదిరా..." అని మా పెద్దలు చెవిలో చెప్పేవారు.

ఇక జరిగింది చెబుతాను. నేను చూసింది కాదు. మొయినాబాద్‌లో నాకు జిరాక్స్ షాపు ఉన్నది. పూజ అక్కడ స్టూలు మీద కూర్చుని చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

పూజ మా ఊరి అంతమ్మకు మనవరాలు, డిగ్రీ మూడో సంవత్సరం. వాళ్ల కాలేజీ పదిమంది పిల్లలను పోలండుకు పంపింది. జనవరిలో అక్కడి పిల్లలు ఇక్కడికి రావాలి. ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. రత్నాకర్ సారు వెంటబెట్టుకుని పోయారు.

మూడు రోజులు కోటలు, చర్చిలు, ఐస్‌క్రీములు, రీల్స్. నాలుగో రోజు, యుద్ధకాలంలో యూదులను తెచ్చి చంపిన క్యాంపు. "ఇయ్యాల బాధపడే రోజు. ఎవరు గుడ రంగురంగులయి తొడగొద్దు" అని సారు పొద్దున్నే ఆర్డరు వేశారు. తీరా గేటు దగ్గర అందరినీ రెండు వరసల్లో నిలబెట్టి, ఫోను ఎత్తి — "జర నవ్వుండ్రి!" అన్నారు. వెనకాల ముళ్లకంచె, ముందర పదిమంది పళ్లు. కాలేజీ పేజీలో ఆ ఫొటోకు బాగానే లైకులు పడ్డాయి.

సాయంత్రం ఒక చిన్న ఊళ్లో పాత యూదుల శ్మశానం చూపించారు. సమాధి పలకల మీద చిన్న చిన్న రాళ్లు ఉన్నాయి. పూజకు ప్రాణం లేచి వచ్చింది. దేశం కాని దేశంలో తెలిసిన పద్ధతి ఒక్కటైనా కనిపించింది! గబుక్కున ఒక రాయి ఏరుకుని, పది అడుగుల దూరం నుంచి, ఎడమ చేత్తో —

టక్!

వెనక్కి చూడకుండా నడిచింది.

వాళ్ల గైడు ఒక ముసలాయన. గుండె పట్టుకుని నిలబడిపోయాడు.

"లేవకుండా వేసిన సార్" అని పూజ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. మా ఊరి కుప్ప సంగతీ చెప్పింది.

ఆయన తిట్టలేదు. కింద పడ్డ రాయిని తీసుకొచ్చి పలక మీద మెల్లగా పెట్టాడు. నేను వచ్చాను, నిన్ను మరవలేదు అని చెప్పడానికి ఇక్కడ రాయి పెడతారని చెప్పాడు. వీళ్ల పిల్లలను, మనవళ్లను క్యాంపుకు లాక్కుపోతుంటే ఈ ఊరు కిటికీలు మూసుకున్నదని కూడా చెప్పాడు. తర్వాత అడిగాడు.

"మీ రాళ్ల కింద ఎవరున్నారు?"

"దెయ్యం."

"దెయ్యం కాకముందు?"

 తిరుగు విమానంలో కూడా పూజను ఆ ప్రశ్న వదలలేదు. ఐదేళ్ల పిల్లప్పటి నుంచి కొడుతున్నాను, ఎవరిని కొడుతున్నానో తెలియదు అని సిగ్గుతో చచ్చిపోయిందట.

వచ్చాక సారు అందరికీ పని పంచారు. జనవరిలో వచ్చే అతిథులకు ఎవరి ఊరి చరిత్ర వాళ్లు చూపించాలి. మిగతా పిల్లలు గుళ్లూ చెరువులూ రాసిచ్చారు. పూజ రాళ్లకుప్ప అని రాసిచ్చింది. ఇక ఆ కింద ఉన్నది ఎవరో తేల్చుకోవాలి.

సర్పంచిని అడిగింది. "ఫారినోళ్లకు గదెందుకు బిడ్డా? ఫామ్‌హౌస్ చూపెట్టు, బిర్యానీ పెట్టు" అన్నాడు.

కృష్ణమ్మను అడిగింది. ఊళ్లో అందరి పుట్టుపూర్వోత్తరాలూ ఆమె నోట్లోనే ఉంటాయి. "దెయ్యానికి పేరెందుకే పిల్లా? ఆధార్ కార్డు తీపిస్తవా?" అన్నది ఆమె.

చివరికి ఇంట్లో అవ్వను అడిగింది. అంతమ్మకు ఎనభై దాటాయి. అన్నం తింటున్న మనిషి కంచం పక్కకు జరిపి, బర్రెల కొట్టంలోకి పోయి పడుకుంది. ఆమె పడక ఎప్పుడూ అక్కడే.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ రాళ్లు తినేదాన్ని కళ్లారా చూడాలి.

ఆ రాత్రి ఊరంతా టీవీలు ఆపేశాక పూజ ఒక్కతే బయలుదేరింది. ఫోను లైటు వేస్తే అది చూస్తుందేమోనని వేయలేదు. మలుపు ఇంకా ఇరవై అడుగులు ఉందనగా...

టక్...

ఆగిపోయింది. కుక్కలు కూడా మొరగడం లేదు.

టక్... టక్...

రాయి మీద రాయి. కుప్ప మీదికి తెల్లగా ఏదో వంగి ఉన్నది. చెయ్యి సాగుతున్నది... రాయి లేస్తున్నది... ఒళ్లోకి పోతున్నది. పెద్దలు అబద్ధం చెప్పలేదు. నిజంగానే తింటున్నది!

 పోలండు, గైడు, చరిత్ర — అన్నీ ఎటు పోయాయో పోయాయి. పూజ వంగి చేతికి దొరికిన రాయి తీసింది. ఎడమ చెయ్యి దానంతట అదే లేచింది.

ఆ తెల్లటిది తల తిప్పలేదు. గుసగుసగా అన్నది —

"ఇంకొకటా...? ఇయ్యాల్టికి సాలవా బిడ్డా?"

పూజ చేతిలో రాయి జారిపోయింది. అది అవ్వ గొంతు.

అంతమ్మ ఒడి నిండా రాళ్లు. రోజూ ఇదే పని. ఊరు విసిరినవన్నీ ఊరు పడుకున్నాక ఏరుతుంది, తీసుకుపోయి వాగులో పోస్తుంది. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టింది.

"ఈ కింద మా అక్క ఉన్నది" అన్నది. "ఎంకమ్మ. పదారేండ్లది. ఆ ఏడు వాంతులు తగిలి ఊళ్లె పిల్లలు సచ్చిన్రు. ఇది బాణామతి చేసిందన్నరు. ఈడ నిలవెట్టి... తలా ఒక రాయి కొట్టిన్రు. మా బాపు తలుపేసుకున్నడు. ఎనుక అది లేస్తదని భయమై, దినాం ఒకటి ఏసుడు మొదలువెట్టిన్రు."

"నాకెందుకు చెప్పలే అవ్వా?"

"చెప్తె నన్ను గుడ గట్లనే అందురు." ఇంకో రాయి తీసి ఒళ్లో వేసుకుంది. "దానికి బరువైతదని తీస్తున్న. ఇగ నడుము వంగుతలేదు బిడ్డా. నేను పోతే ఎవరు దీస్తరు? గదే ఫికరు."

పూజ ఏడుస్తూనే కింద కూర్చుంది. ఆ రాత్రి ఇద్దరూ కలిసి ఏరారు.

షాపులో పూజ చెబుతుంటే నేను లెక్క వేసుకున్నాను. ముసలిది రాత్రంతా మోసి పారబోసిన వాటిలో నా రాళ్లు ఎన్నో!

"పరమేషన్నా, ఒక బోర్డు కొట్టియ్యి" అన్నది పూజ. ఆమె చెబుతుంటే టైపు చేశాను. 'ఎంకమ్మ. పదహారేళ్లు. బాణామతి చేసిందని ఊరంతా కలిసి ఇక్కడ రాళ్లతో కొట్టి చంపింది. ఇక రాయి విసరవద్దు.'

"ఊరంతా అంటే జర ఎక్కువైతదేమో పూజా" అన్నాను. ఊరి పరువు మొత్తం నా నెత్తిమీదే ఉన్నట్టు. "కొందరు అని పెడదామా?"

 పూజ నా వెనక గోడకు, దండ వేసి ఉన్న మా తాత ఫొటో వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"కొందరు అంటే పేర్లు రాయాలె గదన్నా" అన్నది మెల్లగా. "అవ్వకు అన్ని యాదికున్నయి. మొదటి రాయి ఎవలు కొట్టిన్రో గుడ..."

 నేను వెనక్కి చూడకుండా కీబోర్డు ముందుకు లాక్కున్నాను.

'ఊరంతా' అనే ఉంచాను. ఆ మాటకు అక్షరాలు కూడా పెద్దవి చేశాను.