తుమ్మెదకొండ ఎర్ర మాడ

తుమ్మెదకొండ దుర్గం తూర్పు బురుజు మీద నిలబడి చూస్తే ఒకప్పుడు పదహారు సాలెవాడలూ, వాటి నడుమ వాసాల మీద ఆరవేసిన రంగునూలూ, అవతల ఏటిదాకా పరుచుకున్న జొన్నచేలూ కనిపించేవి. దండనాయకుడు కేతయ ఆ ఉదయం బురుజెక్కి చూసినప్పుడు ఏటి రెండు ఒడ్డుల మీదా ముట్టడికి వచ్చిన నరవర్మ మహారాజు డేరాలే ఉన్నాయి. ఏనుగులు నీళ్లు తాగుతున్నాయి. వంటల పొగ నిట్టనిలువుగా లేస్తున్నది. ఉత్తరదేశపు భేరీలు, తొందర లేనివాడు కొడుతున్నట్టు, తీరిగ్గా మోగుతున్నాయి. సాలెవాడలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని శత్రువు తగలబెట్టలేదు. శత్రువు వచ్చేసరికే వాటిలో మనుషులు లేరు.

ముట్టడికి అది నాలుగో నెల. మొదట పదిహేను వందల మంది బంట్లున్న కోటలో ఆరువందల మంది మిగిలారు. పోయినవాళ్లలో ఎక్కువమంది యుద్ధంలో చావలేదు. జీతం లేక తాళ్లు పట్టుకుని గోడ దిగిపోయారు. అంగడివీధి కొట్లలో ఇంకా మూడు నెలలకు సరిపడా జొన్న ఉంది. కొనడానికి బంటు చేతిలో మాడ లేదు.

"కొట్లు పగలగొట్టి తీసుకుందాం నాయకా. మీరు ఊఁ అంటే చాలు," అన్నాడు బురుజు కాపరి మైలయ.

"మన వీధిని మనమే దోచుకునేటట్టయితే ఆ కింద ఉన్నవాడితో మనకు తగవేమిటి? వాడినే పిలుద్దాం. దోపిడీ వాడికి మనకన్నా బాగా చేతనవును," అన్నాడు కేతయ.

మైలయ నవ్వబోయి, నవ్వలేక, నడుముకు కట్టుకున్న గుడ్డ ఇంకొంచెం బిగించుకున్నాడు.

ఈ గతి ముట్టడితో పట్టింది కాదు. నాలుగేళ్ల కిందట రేవుపట్నమైన వేలాపురం పెద్దరికాన ఐదు రాజ్యాలు ఒక కూటమి కట్టి, ఐదింటా ఒకే నాణెం చెల్లాలని ఒప్పుకున్నాయి. శంఖం గుర్తు గల ఆ మాడను వేలాపురం కమ్మటంలో తప్ప మరే నాణేల కొలిమిలోనూ ముద్రించరాదు. మంత్రి బొల్లన ప్రెగ్గడ ఆనాడు నిండుకొలువులో లేచి, "దేవరా, మన వర్తకుడు రేవు చేరేలోగా నాలుగు పొలిమేరల్లో నాలుగుసార్లు నాణెం మార్చుకుంటున్నాడు, మార్చిన ప్రతిచోటా కొంత పోగొట్టుకుంటున్నాడు. అందరికీ ఒకే మాడ అయిననాడు తుమ్మెదకొండ బట్టకు సముద్రందాకా అడ్డు ఉండదు," అని విన్నవించాడు. అది అబద్ధం కాదు. ఈ ఒప్పందం కుదిర్చినందుకు వేలాపురం సుంకంలో తన ఇంటికి ఏటా ఒక వాటా ముడుతుందన్న సంగతి మాత్రం ఆయన విన్నవించలేదు.

గోకర్ణ భూపతి సంతోషంగా రాజముద్ర వేశాడు. తుమ్మెద గుర్తున్న పాత అచ్చులను కమ్మటం వాకిట్లో సమ్మెటతో పగలగొట్టించినవాడు కేతయే. పాత మాడ పుచ్చుకున్నవాడి చెయ్యి నరుకుతామని చాటించినవాడూ ఆయనే. ఆ మాట ఉత్తది కాదని తెలియడానికి ఒక వర్తకుడి చెయ్యి అంగడి నడుమ దగ్గరుండి నరికించాడు కూడా. రాజాజ్ఞను సగం అమలు చేయడం ఆయనకు తెలియదు.

రెండేళ్లు బాగానే గడిచాయి. పరదేశపు పట్టు వచ్చింది. వేలాపురం షావుకార్లు అడిగినవాడికీ అడగనివాడికీ అప్పులిచ్చారు. మూడో ఏడు వానలు పడలేదు.

బురుజు దిగిన కేతయ మూతబడిన కమ్మటానికి వెళ్లాడు. నలభై ఏళ్లు నాణేలు పోసిన అక్కోజు అక్కడ బాణపు ములుకులు సాగగొడుతున్నాడు.

"కరువు ఇదివరకు మనకు రాలేదా అక్కోజూ? అప్పుడెలా బతికాం?"

అక్కోజు సుత్తి పక్కన పెట్టాడు. "వచ్చింది నాయకా. నా ఎరుకలోనే రెండు. కరువేడు రాగానే రాజు ఈ గడప తొక్కి, కరుగుతున్న బంగారంలో తన చేత్తో రాగిముక్క వేసేవాడు. మాడ ఎర్రబడేది. రాజు భోగమూ, బంటు జీతమూ, సాలె కూలీ, షావుకారికి రావలసిన అప్పూ అన్నీ ఒకే రోజున, ఒకే మేరకు తేలికయ్యేవి. మన బట్ట రేవు వర్తకుడికి చవకగా కనిపించేది. వాడు బళ్లు కట్టుకుని వచ్చేవాడు. వానలు పడేసరికి బంగారం తిరిగొచ్చేది. శంఖమాడలో రాగి వెయ్యాలంటే వేలాపురం వెయ్యాలి. అక్కడ కరువు లేదు, వాళ్లెందుకు వేస్తారు? ఇక్కడి సాలె తన ధర తగ్గించుకుందామంటే అప్పు తగ్గలేదు. బట్ట మగ్గం మీదనే ఉండిపోయింది. ఉన్న మాడలు జొన్నల కోసం రేవుకు పోయాయి. వాటి వెనకాలే మనుషులూ పోయారు."

"ఆ తుమ్మెద అచ్చు మళ్లీ చెక్కగలవా?"

"తమరు పగలగొట్టించినదే కదా. నా వేళ్లకు గుర్తుంది." ముసలివాడి గొంతులో నిష్ఠూరం ఉందో లేదో కేతయకు తెలియలేదు. "కాని ఒక్క మాట. మొదటి ఎర్ర మాడ పట్టుకుని రాజు స్వయంగా అంగడికి నడిచి వెళ్లి ఉప్పు కొనేవాడు. ఊరంతా చూసేది. ఆ పని జరిగితేనే అది మాడ. జరక్కపోతే వంటింటి రాగి."

ఆ మధ్యాహ్నమే కేతయ కొలువులో ఈ మాట పెట్టాడు. బొల్లన ప్రెగ్గడ ఆదరంగా విని, అంతకన్నా ఆదరంగా తల ఊపాడు.

"దండనాయకుల స్వామిభక్తిని నేను శంకించను, దేవరా. కాని కూటమి సేన దారిలో ఉంది. ఇవాళ మనం సొంత మాడ కొడితే ఒప్పందం తెంచినవాళ్లం మనమే అవుతాం. వస్తున్న సేన వెనక్కి మళ్లుతుంది."

"ఆ సేన దారిలో ఉందని మూడు నెలలుగా వింటున్నాను ప్రెగ్గడ గారూ. ఏ దారో సెలవిస్తే ఎదురెళ్లి చూసి వస్తాను," అన్నాడు కేతయ. తర్వాత రాజువైపు తిరిగాడు. "దేవరా, కోటలో తిండి ఉంది. తినవలసిన బంటు ఉన్నాడు. ఆ రెంటి నడుమ తిరగవలసిన నాణెం లేదు. తమరు ఒక్కసారి అంగడికి నడిచి ఒక మానిక ఉప్పు కొనండి. ఈ గోడను మూడు నెలలు నేను నిలబెడతాను."

భూపతి తన ఉంగరాల వంక చూసుకున్నాడు.

"కొట్టించు. నేను మాత్రం రాను. రేపు కూటమి వారు అడిగితే, నాకు తెలియకుండా దండనాయకుడు చేశాడని చెప్పుకోవడానికి వీలుండాలి కదా."

కేతయ వంగి నమస్కరించాడు. మూడు తరాలుగా ఆయన ఇల్లు ఆ సింహాసనానికి అలాగే వంగింది.

మర్నాటికి వంటపాత్రలు కరిగి, కేతయ భార్య మెడలోని బంగారు హారం వాటిలో కలిసి, వెయ్యి ఎర్ర మాడలు తయారయ్యాయి. మొదటిది పట్టుకుని ఆయన అంగడివీధి మొదట ఉన్న గుండయ శెట్టి ఉప్పు కొట్టుకు నడిచాడు. గుండయ తీసుకుంటే వీధంతా తీసుకుంటుంది. జనం గుమిగూడారు. గోడ మీది బంట్లు కూడా ఇటే చూస్తున్నారు.

"దయచెయ్యండి నాయకా. ఎంత కావాలి?"

"ఒక మానిక ఉప్పు." కేతయ మాడను తక్కెడ సిబ్బెలో ఉంచాడు.

గుండయ ఎడంచేత్తో దాన్ని తిప్పి చూశాడు. "అక్కోజు పనితనం తగ్గలేదు. రాజుగారేరీ?"

"రాజు పంపితేనే వచ్చాను."

"అప్పుడూ రాజు పంపితేనే వచ్చారు." గుండయ ఉత్తరీయం కింది నుంచి కుడిచెయ్యి తీశాడు. మణికట్టు దగ్గర అది ఆగిపోయింది. "ముసలమ్మ ఒకావిడ పాత మాడ తెచ్చి ఉప్పడిగింది. కొత్త మాడ సంగతి ఆమెకు తెలియదు. ఉట్టి చేతులతో పంపలేకపోయాను."

"తప్పు నాది గుండయా."

"తప్పెవరిదని నేనడగలేదు. పాతది చెల్లదన్నారు, నమ్మడానికి నాకొక చెయ్యి ఖర్చయింది. ఇవాళ చెల్లుతుందంటున్నారు. రేపు కూటమి వచ్చి చెల్లదంటే, నమ్మడానికి నా దగ్గర ఒక్కటే మిగిలింది." అతని గొంతులో కోపం లేదు. "కోట కాస్తున్నారు. ఉప్పు ఊరికే తీసుకెళ్లండి."

"ఊరికే ఇస్తే అది మాడ కాదు," అన్నాడు కేతయ.

ఉప్పు తీసుకోలేదు. మాడనూ తిరిగి తీసుకోలేదు. వచ్చిన దారినే నడిచాడు. వీధి చివరికి చేరేలోగా వెనక ఒక్కొక్క కొట్టుకూ తలుపు చెక్కలు పడటం వినిపించింది.

ఆ వారంలో మరో మూడువందల మంది గోడ దిగారు. ఎనిమిదో రోజున కూటమి నుంచి జాబు వచ్చింది. నరవర్మ దాన్ని దారిలోనే పట్టి, చదివి, తానే భద్రంగా లోపలికి పంపించాడు. మన ఒప్పందం మాడ గురించినదే గాని కత్తి గురించినది కాదని, తుమ్మెదకొండ వారు దీన్ని గుర్తించగలరని అందులో ఉంది. అదే పూట బొల్లన ప్రెగ్గడ మనిషి తెల్లగుడ్డతో నరవర్మ డేరాకు వెళ్లాడు. మర్నాడు పట్టపగలు దక్షిణ ద్వారం లోపలి గడియ ఎవరో తీశారు.

కేతయ నూట నలభై మందితో ఆ ద్వారానికి అడ్డం నిలిచాడు. వాళ్లెవరూ జీతం తీసుకుని ఏడు నెలలైంది. రెండు జాములు పోరాడారు. తుమ్మెద గుర్తున్న పల్లకి ఒకటి నరవర్మ మనుషుల కాపలాలో ఉత్తర ద్వారం గుండా వెళ్లిపోతుండగా, అది ఎవరిదో గుర్తుపట్టి మైలయ చెప్పబోయాడు. "చూశాను. నువ్వు ముందు చూడు," అన్నాడు కేతయ. ఆయన ఆఖరి మాట అదే. సాయంత్రానికి మైలయ కూడా లేడు.

మూడో నాడు అంగడివీధిలో దండోరా వేశారు. నాలుగేళ్ల కింద వేసినవాడే, అదే డప్పు. నరవర్మ మహారాజు ఆజ్ఞ: ఐదు రాజ్యాల్లో ఎక్కడైనా చెల్లే శంఖమాడ తప్ప ఈ దుర్గంలో మరో నాణెం చెల్లదు. తిరుగుబాటుదారు కేతయ ముద్రించిన రాగిని దాచినవాడి చెయ్యి నరుకుతారు. డప్పు వెనకాల బొల్లన ప్రెగ్గడ కొత్త శాలువ కప్పుకుని నడుస్తున్నాడు. బంట్లు కొట్టు కొట్టుకూ ఎక్కి వెతుకుతున్నారు.

వాళ్లు పక్క కొట్టు దిగుతున్నప్పుడు గుండయ సిబ్బెలోకి చూశాడు. ఎర్ర మాడ ఆనాడు కేతయ పెట్టిన చోటే ఉంది. వీధిలోకి విసిరేయడానికి వ్యవధి ఉంది. అతడు దాన్ని ఎడంచేత్తో తీసుకుని, ఉప్పురాశిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగున వదిలాడు. తర్వాత ఒక మానిక ఉప్పు నిండుగా కొలిచి, కేతయ నిలబడిన చోట, ఎవరి కోసమో ఉంచినట్టు పెట్టి, మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గరవుతుండగా కూర్చున్నాడు.