తల ఊపుడు జవాబు గాదు

వలస వచ్చిన మరమగ్గాల పేట గోడాదరాలోని ఇంట్లో పద్మారాణి పొద్దుటి ఇంగ్లిషు క్లాసుకు చాప పరుస్తుండగా, మామ లక్ష్మీరాజం మామిడికాయల సంచి తెచ్చి ముందు పెట్టాడు.

"తొక్కు పెట్టు బిడ్డా. జర ఎక్కువే పెట్టు."

ఆమెకు అర్థం కాలేదు. రేపటి బండికి ఆయన మంచిర్యాలలో కూతురు వినోద దగ్గరికి పోతున్నాడు. ఇక అక్కడే ఉంటాడు. పద్మారాణి భర్త రాంప్రసాద్ అడిగితే సరేనన్నది ఆయనే. నిన్న కింది ఇంటి ఆగయ్యతో, వచ్చే నెల నుంచి నీళ్ల మోటరు తానే చూసుకుంటానన్నాడు. పోయే మనిషి చేసే పనులేనా ఇవి?

"మామా, రేపు పోతున్నరు గద?"

ఆయన తల ఊపాడు.

అమ్మాయిలు వచ్చి కూర్చున్నారు. పద్మారాణి ఫోన్లో ఒక ఇంగ్లిషు సంభాషణ వినిపించి ఆపింది.

"డాక్టరు దగ్గరికి ఎప్పుడు రమ్మన్నది?"

సుభాషిణి తల ఊపింది.

"తల ఊపుడు జవాబు గాదు. తెల్వకుంటే చెయ్యెత్తు, మళ్లా వినిపిస్త. సిగ్గేంది?"

సుభాషిణి చెయ్యెత్తింది. "మేడమ్, ఫోన్ల ఆమె రైలు లెక్క ఉరుకుతున్నది. నేనేడ ఎక్కాలె?"

అందరూ నవ్వారు. వెనక మంచం మీద మామ కూడా నవ్వి తల ఊపాడు. ఆయనకు ఇంగ్లిషు రాదు. సంభాషణ మళ్లీ నడిచి ఆగిపోయింది. ఆయన అమ్మాయిలను చూస్తూ ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

పద్మారాణి లేచి ఆయన ఎదుట కూర్చుంది. గొంతు పెంచింది.

"మామా, రాంప్రసాద్ మీతోని ఏం మాట్లాడిండు? మీరే చెప్పుండ్రి."

ఆయన అమ్మాయిల వైపు చూశాడు. వాళ్లు కదలలేదు.

"వినోద ఈడికి అస్తున్నది గదా? నా బట్టలు సంచిల పెట్టి ఆమెకు జాగ చేసిండ్రు. తొక్కు ఆమెకే."

రాంప్రసాద్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ లోపలి నుంచి వచ్చాడు.

"అడిగినప్పుడల్లా సరే అన్నవు! గిప్పుడు గిదేంది బాపూ? ఊకె పరేషాన్ చేస్తవు!"

"అన్నడు. ఆయనకు వినవడలేదు," అంది పద్మారాణి.

లక్ష్మీరాజం ఇద్దరి మొహాలూ చూశాడు.

"సాంచల కాడ మళ్లా అడిగితే సేటు గరమయితుండె. గంత చప్పుడుల ఎవనికి వినవడ్తది? తల ఊపేది, పక్కోడు ఏం జేస్తే గది జేసేది. గట్లనే అలవాటాయె."

రాంప్రసాద్ చెయ్యి గుండీ మీద ఆగింది. ఇప్పుడు అతను బయల్దేరింది ఆ మరమగ్గాల సాంచల మధ్యకే. వచ్చి తండ్రి ముందు కూర్చున్నాడు.

"బాపూ, వినోద ఇంటికి పోయి ఆడనే ఉంటవా?"

లక్ష్మీరాజం తల కదలబోయి ఆగింది. ఈసారి ఆయన ఎవరి వైపూ చూడలేదు. చెయ్యెత్తాడు.

రాంప్రసాద్ మళ్లీ అడిగాడు, ఒక్కొక్క మాటా విడిగా.

"పోను," అన్నాడు తండ్రి. "నన్నెందుకు పంపుతున్నవురా?"

"పగలంత ఒక్కనివే ఉంటున్నవని..."

రాంప్రసాద్ తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చాడు. తర్వాత లేచి, సంచిలోని బట్టలు తీసి మళ్లీ అరలో పెట్టాడు.

పద్మారాణి కళ్లు తుడుచుకుని ఫోను మొదలుపెట్టింది. మొదటి మాటకే మంచం మీద మామ చెయ్యి లేచింది.