మీటింగ్ వేళకే పోయే లైను

తింటున్న టిఫిన్ సగంలోనే వదిలేసి కోడలు గదిలోకి పరుగెత్తింది. ఇంకాసేపట్లో వీడియో మీటింగ్. జుట్టు సరిచేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, బీరువా మీదున్న ఇంటర్నెట్ డబ్బాకి ఒక దణ్ణం పెట్టింది.

"ఇవాళొక్క రోజు నా పరువు కాపాడవే తల్లీ!"

పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి వచ్చే ఫోన్లను ఇంటినుంచే అందుకుని, రోగులకు డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇచ్చే ఉద్యోగం ఆమెది. చదువంతా పోపులపెట్టె పాలైపోయిందని దిగులుపడుతున్న రోజుల్లో దొరికింది. దానికోసం పాల వ్యాన్ నడిపే భర్త, బండి దిగడమే తరువాయిగా, ఇంటర్నెట్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. "మీ వీధి మలుపు దాటి లైను రాదండీ" అన్నవాళ్ళ చేతే ఇంటిదాకా లైను వేయించాడు. హాల్లోంచి గదిలోకి తేవాలంటే గోడకు కన్నం పెట్టాలన్నారు వచ్చినవాళ్ళు. "ఇప్పుడు కన్నాలూ సిమెంటూ అంటే ఇవాళ్టి నా డ్యూటీ గోవిందా! తలుపు సందులోంచి లాగెయ్యండి," అని తొందరపెట్టింది కోడలే.

రోజంతా లైను బంగారంలా ఉండేది. వచ్చిన ఫోన్లన్నీ హాయిగా సాగేవి. పొద్దున్నే సూపర్‌వైజర్ మేడమ్ ముఖం తెరమీద కనపడిన కాసేపటికే దానికి మాయరోగం పట్టుకునేది. నిన్న మేడమ్ ఖరాఖండీగా చెప్పేసింది. "ఇలాగే మాయమవుతుంటే పట్నం వచ్చి ఆఫీసులో కూర్చోవాలమ్మా. కుదరకపోతే మానెయ్యాలి." ఇల్లు వదిలి పట్నం వెళ్ళడం జరిగే పని కాదు. అంటే ఉద్యోగం పోయినట్టే.

మీటింగ్ మొదలైంది. హాల్లో టకటకలాడుతున్న అత్తగారి కుట్టు మిషన్ ఠక్కున ఆగింది. కోడలు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. మేడమ్ నోరు తెరిచి ఏదో చెప్పబోతూ అలాగే బిగుసుకుపోయింది. లైను పోయింది!

కోడలు దిగ్గున లేచింది. వానలకు ఉబ్బిపోయిన తలుపును రెండు చేతులా లాగి బయటికొచ్చేసరికి, ఎదురుగా అత్తగారు. ఆవిడ తలకు జానెడు పైన స్విచ్ బోర్డు. డబ్బాకి కరెంటు వచ్చేది అక్కడినుంచే.

"ఇక్కడేం చేస్తున్నారు అత్తయ్యా?"

"ఏం లేదమ్మాయ్, ఊరికే..."

"రోజూ ఊరికేనా? లైను పోయి నేను బయటికొచ్చిన ప్రతిసారీ మీరిక్కడే ఉంటారు. నా మీటింగ్ మొదలవగానే మీ మిషన్ ఆగిపోతుంది. లేచి స్విచ్ దగ్గరికే కదా వచ్చేది!"

అత్తగారు బిత్తరపోయింది. "స్విచ్చా? నేనెందుకు ముట్టుకుంటానే దాన్ని?"

"మీకు నా ఉద్యోగం మొదటినుంచీ ఇష్టం లేదు. ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడితే జీతమెవరిస్తారు, ఎవరో నీకు టోపీ పెడుతున్నారు అనలేదూ?"

"అన్నాను. తెలియక అన్నాను. అంతమాత్రాన నీ నోటిదగ్గర కూడు లాగేస్తానా?"

అప్పుడే ఇంట్లో అడుగుపెట్టిన కొడుకు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏంటీ గొడవ?"

"మీ అమ్మగారినే అడగండి. నా ఉద్యోగం ఊడితేగానీ ఆవిడకి నిద్రపట్టేలా లేదు!"

ఆ మాట ఎంత పెద్దదో అనేశాక తెలిసింది కోడలికి. కానీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. అత్తగారు స్విచ్ బోర్డు దగ్గరినుంచి పక్కకు తప్పుకుంది. "సరేనమ్మా. రేపట్నుంచి నీ గది ఛాయలకు కూడా రాను," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మీటింగ్ వేళకి అత్తగారు పెరట్లో కూర్చుంది. ఆ పూట లైను తొణకలేదు, బెణకలేదు. మీటింగ్ మొదటినుంచి చివరిదాకా సాగింది.

"చూశారా?" అంది కోడలు భర్తతో. "ఆవిడ ఇటు రాలేదు, లైను పోలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి మీకు?"

ఆ మాటలు వంటింట్లో ఉన్న అత్తగారికి వినపడ్డాయని ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఆ రోజు వాళ్ళతో కలిసి అన్నం తినలేదు.

ఆ మరుసటి పొద్దున అత్తగారు సంచి సర్దుకుంది. "చెల్లెలింటికి పోతానురా. నన్ను బస్సెక్కించు చాలు. నేనుంటే అమ్మాయికి అనుమానం, అమ్మాయికి అనుమానమైతే నీకు మనశ్శాంతి ఉండదు."

కొడుకు పెళ్ళాం వైపు చూశాడు. "ఆపవా?"

ఒక్క మాట అంటే ఆవిడ ఆగిపోతుందని కోడలికి తెలుసు. అయినా మొండితనం నోరు నొక్కేసింది. "మీటింగ్ ఉంది," అని గదిలోకి వెళ్ళిపోయింది. ఆవేళ మేడమ్‌తోపాటు ఆవిడ పైఅధికారి కూడా వచ్చి, ఎవరిని ఇంటినుంచి పనిచేయనివ్వాలో తేలుస్తారు.

సరిగ్గా ఆమె వంతు వచ్చేవేళకి అత్తగారి నల్లకోడి గుడ్డు పెట్టి ఇల్లు పీకి పందిరేయడం మొదలుపెట్టింది. పైఅధికారి మొహం చిట్లించాడు. "ఏమిటా గోల?"

"సారీ సర్, ఒక్క క్షణం!"

కోడలు లేచి, ఎప్పుడూ ఓరగా ఉండే తలుపును భుజంతో నెట్టి, గట్టిగా మూసి గడియ పెట్టింది. వెనక్కి తిరిగేసరికి తెరమీద ముఖాలన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి.

ముందు అత్తగారి మీద కోపమే వచ్చింది. కానీ కిటికీలోంచి చూస్తే అత్తగారు గేటు దగ్గర, సంచి పట్టుకుని, కొడుకు బండి తీస్తాడని నిలబడి ఉంది. కోడలు ఇదివరకెప్పుడూ చేయని పని ఒకటి చేసింది. తల పైకెత్తి డబ్బా వైపు చూసింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎర్రగా ఉంది. స్విచ్ ఎవరూ ఆపలేదు.

తలుపు తెరిచింది. కాసేపటికి ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. మళ్ళీ వేసి నెట్టింది. మళ్ళీ ఎరుపు! తలుపుకీ చట్రానికీ మధ్య లైను తాలూకు సన్నటి తీగ నలిగి వంకరపోయి ఉంది. ఆ సందులోంచి లాగమన్నది తనే.

మరి ఇన్నాళ్ళూ మీటింగ్ వేళకి ఈ తలుపు వేసిందెవరు? హెడ్‌ఫోన్లు పెట్టుకుని అటు వీపు తిప్పి కూర్చునే తనకి ఏనాడూ తెలియలేదు. లైను పోయాక తలుపు బిగిసి ఉంటే, వానలకు ఉబ్బిందనే అనుకుంది.

తలుపు బార్లా తీసింది. తెరమీద మనుషులు కదిలారు. "సర్, లోపం ఎక్కడుందో దొరికింది. ఇక లైను పోదు. నా తర్వాతివాళ్ళని పిలవండి, ఇప్పుడే వస్తాను," అని జవాబు కోసం ఆగకుండా గేటు దగ్గరికి పరుగు తీసింది.

"అత్తయ్యా, మీటింగప్పుడు నా గది తలుపు మీరే వేసేవారా?"

"వేసేదాన్ని," అంది ఆవిడ ముభావంగా. "అదీ తప్పేనా?"

"ఎందుకు?"

"మొదటి రోజు మన కోడి అరిస్తే వాళ్ళంతా పగలబడి నవ్వారని మంచమ్మీద పడి ఏడ్చావుగా. ఫోన్లలో బయటి చప్పుడు వినపడదని నువ్వే చెప్పావు. ముఖాలు కనపడే మీటింగ్‌లో వినపడుతుందని నాకు భయం. అందుకే మిషన్ ఆపి, తలుపు బిగించి, ఎవరూ అటు రాకుండా గుమ్మం దగ్గర కాపలా ఉండేదాన్ని."

కోడలి కళ్ళు ధారలు కట్టాయి. "నా కళ్ళు పోను! తీగ నలిగేది ఆ తలుపులోనే అత్తయ్యా. మీరు నన్ను కాపాడుకుంటుంటే, నేను మిమ్మల్ని దొంగని చేశాను. ఆ తీగ అక్కడినుంచి లాగించిన దాన్ని నేనే." ఆవిడ చేతిలో సంచి లాక్కుని గుండెకు హత్తుకుంది. "క్షమించానని చెప్పకపోయినా సరే. వెళ్ళకండి."

అత్తగారు చీర చెంగుతో కోడలి ముఖం తుడిచింది, కాస్త గట్టిగానే. "ముందు లోపలికి పో. ఈ ఏడుపుముఖంతో కనపడితే మళ్ళీ నవ్వుతారు." కొడుకు వైపు తిరిగి, "బండి అక్కడ పెట్టి, గోడకు కన్నం పెట్టేవాళ్ళని పిలుచుకు రారా," అంది.

కోడలు వచ్చి కూర్చునేసరికి నల్లకోడి ఇంకోసారి ఎత్తుకుంది. తెరమీద ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి ఆమెకు సిగ్గనిపించలేదు.

"మా అత్తయ్య కోడి సర్. గుడ్డు పెట్టిన సంగతి మీకూ తెలియాలంటోంది."

పైఅధికారి కూడా నవ్వాపుకోలేకపోయాడు. "సరే, ఈ నెల చూద్దాం. లైను మాత్రం పోకూడదు," అన్నాడు.

"పోదు సర్," అంటూ హెడ్‌ఫోన్ ఒక చెవినుంచి కాస్త పక్కకు జరిపింది. తెరిచిన తలుపులోంచి, మీటింగ్ వేళ మొదటిసారిగా, అత్తగారి కుట్టు మిషన్ టకటకమని వినపడుతోంది.