మొదటిసారి ఇండియాకొచ్చిన కోకిల

ఉదయం ఎనిమిదీ పదికి అడిక్‌మెట్ టీ కొట్టులో ఏజెంట్ భానుప్రకాశ్ సగం కప్పు టీ తాగి, మిగతా సగం చొక్కా మీద ఒలకబోసుకుని, బెంచీ మీంచి పక్కకు ఒరిగిపోయాడు. ఒరిగే ముందు ఫోన్‌లో ఒక మెసేజ్ మాత్రం పంపగలిగాడు.

'కోకిలను చూశా. క్యాంపస్ టూర్ గ్రూప్. ఫారినర్స్ నలుగురిలో'

వాక్యం పూర్తి కాలేదు.

తొమ్మిదింటికి తార్నాకలో ఒక జెరాక్స్ షాపు వెనక గదిలో బ్రీఫింగ్ మొదలైంది. ముందు గదిలో నిజంగానే స్పైరల్ బైండింగ్ చేస్తారు. వెనక గదిలో దేశాన్ని కాపాడతారు. రెండు గదులకూ కలిపి ఒకటే ఫ్యాను. దాని కింద చీఫ్ అచ్యుతరామయ్య నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఏజెంట్ కొమురెల్లి.

"కోకిల అనేది కోడ్ నేమ్," అన్నాడు చీఫ్. "ఆడో మగో తెలీదు. వయసు తెలీదు. ఫోటో లేదు. ఒకప్పుడు ఈ ఊళ్లోనే ఆరేళ్లు మకాం వేసినట్టు మనకు దొరికిన కాగితాల్లో ఉంది. అంతే. ఇవాళ పొద్దున్న ఒక ల్యాబ్ నుంచి దొంగిలించిన చిప్ కోకిల చేతికి చేరింది. అది భానుప్రకాశ్ కళ్లారా చూశాడు. అందుకే టీలో విషం."

"భాను ఎట్లున్నడు సార్?"

జవాబు మూలన కూర్చున్న డాక్టర్ ఎలీషా చెప్పాడు. భానుప్రకాశ్ ఉన్నది ఆయన నర్సింగ్ హోమ్‌లోనే, రెండు సందుల అవతల. "స్పృహ లేదండీ. సాయంత్రం నాలుగు వరకూ గుండె ఆడుతుంది. తరవాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

"విరుగుడు?"

"ఉంది, మన దగ్గర కాదు. ఈ విషం ఆవిరి తగిలినా ప్రమాదమే. అందుకని దీన్ని వాడేవాళ్లు విరుగుడు ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకుంటారు. పల్చటి గాజు గొట్టం. చిటికెన వేలంత ఉంటుందండీ."

"నలుగుర్ని నిలబెట్టి తలాషీ చేద్దం సార్."

"చేస్తే? అనుమానం వచ్చిన మరుక్షణం కోకిల ఆ గొట్టాన్ని నలిపేస్తుంది. మనకు ముగ్గురు అమాయకులు, గుప్పెడు గాజు పొడి మిగులుతాయి. నువ్వు గైడ్‌గా వెళ్లు. ఎవరో కనిపెట్టు. నాలుగు లోపల."

కొమురెల్లి తలూపాడు. నిజానికి ఆ టీ కొట్టు దగ్గర పొద్దుటి డ్యూటీ అతనిది. ముందురోజు మేనల్లుడి బరాత్‌లో డ్యాన్సు చేసి ఒళ్లు నొప్పులుగా ఉందని, "గీ ఒక్క పూట చూస్కో తమ్మీ" అని భానుప్రకాశ్‌కు అంటగట్టాడు. తమ్మీ చూసుకున్నాడు.

ఫోన్ మోగింది. కరుణ. భానుప్రకాశ్ భార్య. తన భర్త ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా అని ఆమె నమ్మకం.

"అన్నా, ఆయన ఫోన్ ఎత్తుతలేడు. ఆఫీసుల ఉన్నడా?"

"మీటింగ్‌ల ఉన్నడమ్మా. నాలుగింటికి నీకు చేస్తడు."

అనేశాక, ఆ నాలుగు అనే అంకె నోట్లోంచి ఎందుకొచ్చిందా అని తన్ను తానే తిట్టుకున్నాడు.

పదకొండింటికి అతను ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఉన్నాడు. నెత్తిన టోపీ, చేతిలో చిన్న జెండా, చెవిలో ఇయర్‌పీస్, జేబులో విషాన్ని పసిగట్టే పెన్ను. పెన్ను సర్కారు వారి సప్లై. రాస్తుంది గానీ పసిగట్టదు.

ఎదురుగా నలుగురు. నలుగురి పాస్‌పోర్టుల్లోనూ ఇండియాకి ఇదే మొదటి ప్రయాణం. లీనా అనే ఆవిడ ఆరడుగుల అందం, నల్లకళ్లద్దాలు, ఎర్రటి పెదాలు, ప్రతిదాన్నీ వీడియో తీస్తోంది. విక్టర్ మాట్లాడని మనిషి, మెడ కనిపించనంత కండ. ఓటో ప్రొఫెసర్, ప్రతి రాయికీ వయసు అడుగుతాడు. మార్తా అరవై రెండేళ్ల రిటైర్డ్ టీచరమ్మ. మోకాలికి పట్టీ, ప్రతి మెట్టుకీ ఒక నిట్టూర్పు.

లీనా చేతిలో ఒక లిస్టు ఉంది. మొదటిసారి ఇండియాకి వచ్చినవాళ్లు చూడాల్సినవీ, చేయాల్సినవీ పది. ఈ భవనం ఆర్చీ కింద నిలబడి పైకి చూడటం ఒకటి. ఇరానీ చాయ్‌లో బిస్కెట్ ముంచుకు తినటం, చేత్తో అన్నం కలుపుకోవటం, రోడ్డు దాటటం. అవును, తార్నాకలో రోడ్డు దాటటం కూడా అందులో ఉంది. ఆ లిస్టు రాసిన వాళ్లకు కాస్త బుర్ర ఉందనే చెప్పాలి.

"చీఫ్, లిస్ట్ ఫోటో పంపిన," గుసగుసగా అన్నాడు కొమురెల్లి.

"అందింది. అది లిస్ట్ కాదు, కోడ్. ఆ లీనాయే కోకిల. నా అనుభవంలో అందమైన వాళ్లంతా డబుల్ ఏజెంట్లే."

కొమురెల్లి తన పద్ధతిలో తను మొదలుపెట్టాడు. ఆరేళ్లు ఈ ఊళ్లో ఉన్న మనిషికి తెలుగు రాకుండా ఉండదు. నలుగురూ పైకి చూస్తున్నప్పుడు మామూలుగా, "మీ కాళ్లకాడ తేలున్నది," అన్నాడు. నాలుగు జతల కాళ్లలో ఒక్కటీ కదల్లేదు. ప్రొఫెసర్ మాత్రం ఆ మాటకు అర్థమేమిటని ఇంగ్లీషులో అడిగాడు. స్వాగతం అని చెప్పాడు కొమురెల్లి.

నీళ్ల సీసా ఇచ్చాడు. మనవాళ్లు సీసా ఎత్తి గొంతులో పోసుకుంటారు. నలుగురూ మూతి పెట్టే తాగారు.

క్యాంటీన్‌లో మిర్చి బజ్జీలు పెట్టించాడు. మార్తా ఒక్క కొరుకు కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్రొఫెసర్ ఎక్కిళ్లతో బయటికి పరిగెత్తాడు. విక్టర్ మాత్రం ఆరు బజ్జీలు తిని మూతి తుడుచుకున్నాడు. దొరికాడు అనుకున్నాడు కొమురెల్లి. ఐదు నిమిషాల తరవాత తెలిసింది, విక్టర్‌ది మెక్సికో.

ఒంటిగంట దాటింది. ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "కోడ్ విప్పాం. ల్యాండ్‌స్కేప్ గార్డెన్, మూడో బెంచీ కింద. వెళ్లు."

టూరిస్టులను లైబ్రరీ ముందు కూర్చోబెట్టి అతను పరుగెత్తాడు. బెంచీ కింద తవ్వాడు. ఏమీ లేదు. నాలుగో బెంచీ అన్నారు. అక్కడ ఎవరో పోగొట్టుకున్న టిఫిన్ డబ్బా దొరికింది. జాగ్రత్తగా, దూరంగా నిలబడి కర్రతో మూత తెరిచాడు. పెరుగన్నం. ఈలోపు లీనా ఆ లిస్టును తన ఛానెల్‌లో పెట్టిందనీ, అది నాలుగు లక్షలమంది చూశారనీ చీఫ్ జెరాక్స్ షాపు కుర్చీలోంచే కనిపెట్టాడు. అంటే అది కోడ్ కాదు, మామూలు లిస్టే. ఒక గంటా ఇరవై నిమిషాలు మట్టిలో పోయాయి.

"సారీ," అన్నాడు చీఫ్. పన్నెండేళ్లలో ఆయన ఆ మాట అనటం అదే మొదలు. దాంతో కొమురెల్లికి మరింత భయం వేసింది.

రెండూ యాభైకి డాక్టర్ ఎలీషా లైన్లోకి వచ్చాడు. "పల్స్ పడిపోతోందండీ. భార్యకు చెప్పమంటారా?"

"వద్దు డాక్టర్. నాలుగు కాలేదు కద."

కొమురెల్లికి ఏడుపొచ్చింది. గైడ్ జెండా మొహానికి అడ్డం పెట్టుకుని, తార్నాక చౌరస్తా వైపు నలుగురినీ నడిపించాడు. ఇక అతని దగ్గర ఏ ఉపాయమూ లేదు. లిస్టులో ఒక్కటే మిగిలింది, సిటీ బస్సు ఎక్కటం. అది కాగానే వ్యాన్‌లో ఎయిర్‌పోర్టు. కోకిల వెళ్లిపోతుంది. భాను కూడా.

బస్‌స్టాపు కిటకిటలాడుతోంది. కాలేజీలు వదిలిన టైము, పైగా ఆడవాళ్లకు టికెట్ లేదు. చాలాసేపు ఒక్క బస్సూ రాలేదు. మూడూ నలభైకి కోఠీ బస్సు వచ్చింది. అది పూర్తిగా ఆగకముందే జనం దాని మీద పడ్డారు. గైడ్ కనక కొమురెల్లి అందరికంటే ముందు ఎక్కి, ఆడవాళ్ల సీట్ల పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ముందువరసలో ఒక్క సీటు ఖాళీగా ఉంది.

కిటికీ ఊచల మధ్య నుంచి ఒక తెల్ల కర్చీఫ్ ఎగిరివచ్చి ఆ సీటు మీద పడింది.

ఈ ఊళ్లో రోజుకు వెయ్యి కర్చీఫులు అలా పడతాయి. వేసినవాళ్లది సీటు. రాజ్యాంగంలో లేదు గానీ, అంతకంటే గట్టిగా అమలవుతుంది. దాన్ని ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోరు. నిలబడి నిలబడి కాళ్లు పడిపోయాక చెయ్యే నేర్చుకుంటుంది. కొమురెల్లి అలవాటుగా, ఎవరిదా అని కిటికీలోంచి కిందికి చూశాడు.

మునివేళ్ల మీద లేచి, చెయ్యి ఇంకా పైకెత్తి ఉన్న మార్తా కనిపించింది.

ఆవిడా అతన్ని చూసింది. తన చేతిని చూసుకుంది. ఆ మొహంలోంచి టీచరమ్మ ఒక్క క్షణంలో మాయమైపోయింది. చెయ్యి జేబులోకి దూరి, పిడికిలి బిగించి బయటికొచ్చింది. వెనక్కి తిరిగి పారిపోబోయింది.

కానీ తార్నాకలో బస్సు ఎక్కేవాళ్లను ఎదిరించి వెనక్కి నడవటం ఏ గూఢచారి స్కూల్లోనూ నేర్పరు. "లోపలికి జరుగు పెద్దమ్మా!" అంటూ పాతికమంది ఆడవాళ్లు ఆవిడను ఎత్తినంత పని చేసి బస్సులోకి తోశారు. గంపెడు కూరగాయలు అమ్ముకుని ఇంటికెళుతున్న భూదేవి అనే ఆమె దారి చేసింది. "కర్చీఫ్ ఏసింది గామెనే. గామె సీటే గది. కూసోనియ్యుండ్రి!"

కూర్చోబెట్టారు. బస్సు కదిలింది. ముగ్గురు టూరిస్టులు రోడ్డు మీదే ఉండిపోయారు. లీనా దాన్ని కూడా వీడియో తీసింది.

కొమురెల్లి సీటు మీదికి వంగాడు. "అడిక్‌మెట్‌ల ఉన్నవా అప్పట్ల, అక్కా?"

"ఆరేళ్లు," అంది మార్తా, స్వచ్ఛమైన తెలుగులో. "రోజూ రెండు బస్సులు. ఈ చెయ్యి నా మాట వినలేదు." పిడికిలి కొంచెం తెరిచింది. లోపల గాజు గొట్టం మెరిసింది. "ముట్టుకుంటే నలిపేస్తాను. కోఠీలో దిగేటప్పుడు సీటు మీద వదిలేసి నా దారిన వెళతాను."

కోఠీకి నలభై నిమిషాలు. టైము మూడూ నలభై ఏడు.

"అంతసేపు లేదక్కా. వాడు బతకడు. ఇద్దరు చిన్న పిల్లలున్నరు. నా డ్యూటీకి వాడు పోయిండు, నేను తాగాల్సిన చాయ్ తాగిండు. నీకు దండం పెడత. చిప్ తీస్కపో, నన్ను ఏమన్న చెయ్. గది ఇచ్చెయ్."

దేశం సొత్తును అలా బేరానికి పెడితే ఉద్యోగం పోతుందని అతనికి తెలుసు. ఇయర్‌పీస్‌లో చీఫ్ వింటున్నాడనీ తెలుసు.

"కోఠీ," అంది మార్తా.

కొమురెల్లి తలెత్తాడు. ఎదురుగా భూదేవి నడుముకు దోపుకున్న తాళాల గుత్తి వేలాడుతోంది. దాన్ని రెండు క్షణాలు చూశాడు. తరవాత గొంతు చించుకుని అరిచాడు.

"ఫిట్స్! గీ పెద్దమ్మకు ఫిట్సొచ్చినయ్! పిడికిలి బిగవట్టింది సూడుండ్రి!"

బస్సు లేచి నిలబడింది.

"అయ్యో, తాళాలు పెట్టుండ్రి చేతిల!"

"గాలి రానియ్యుండ్రి!"

"నాకేమీ లేదు! వదలండి!" అరిచింది మార్తా.

"ఫిట్సొచ్చినోళ్లు గట్లనే అంటరు," అంది భూదేవి, చీర కొంగు బిగిస్తూ.

"అవ్వో, తెల్లామె తెలుగు మాట్లాడుతున్నది! గట్టిగనే వచ్చినయ్!"

ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. ఒకామె కాళ్లు పట్టుకుని అరికాళ్లు రుద్దటం మొదలుపెట్టింది. మార్తా పిడికిట్లోని గొట్టాన్ని నలపబోయింది, ఒక్క క్షణం సందేహించింది. అది పగిలితే ఆవిడ చేతిలో బేరానికి ఇంకేమీ ఉండదు. ఆ ఒక్క క్షణం చాలు. ఇరవయ్యేళ్లు బర్రెల పాలు పిండిన బొటనవేలితో భూదేవి ఆవిడ మణికట్టు నొక్కింది. పిడికిలి దానంతటదే విచ్చుకుంది. గాజు గొట్టం తీసి కొమురెల్లికి అందించి, దాని చోట తాళాలు పెట్టి పిడికిలి మూసి పట్టుకుంది.

"మందు సీసా అనుకుంట, పదిలం బిడ్డా."

ఫిట్స్‌కు తాళాలతో ఏ ఉపయోగమూ లేదని డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వాళ్ల మాట వినని జనానికి కొమురెల్లి మనసులోనే సాష్టాంగపడ్డాడు.

"డ్రైవరన్నా! ఎడమ దిక్కు సందుల నర్సింగ్ హోమ్ ఉన్నది!"

డ్రైవర్ ఇన్నయ్య ఇంకో మాట అడగలేదు. రూటు లేదు, స్టాపు లేదు, కోఠీ లేదు. మనిషికి బాగాలేదంటే బస్సు ఆసుపత్రికే పోతుంది. హారన్ మీద చెయ్యి తియ్యకుండా సందులోకి తిప్పాడు. ఆటోలు, బళ్లు, ఒక పెళ్లి షామియానా పక్కకు జరిగాయి.

మూడూ యాభై ఎనిమిది. బస్సు ఆగకముందే కొమురెల్లి దూకాడు. గొట్టాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెట్లెక్కాడు. తలుపు తెరిచేసరికి మానిటర్ మీద గీత దాదాపు చదునుగా ఉంది. డాక్టర్ ఎలీషా ఏమీ అడక్కుండా గొట్టం మెడ విరిచి, మందు సూదిలోకి లాగి, గుచ్చాడు.

నాలుగైంది. నాలుగూ ఒకటి అయింది. కొమురెల్లి గోడకానుకుని నేల మీద కూలబడ్డాడు. నాలుగూ మూడుకి గీత ఒకసారి ఎగిరింది. మళ్లీ ఎగిరింది.

నాలుగున్నరకు భానుప్రకాశ్ పెదాలు కదిలాయి. "అన్నా... కోకిల... ఆ ముసలామె..."

"తెలుసు రా."

"ఎట్ల దొరికింది?"

"కర్చీఫ్ ఏసింది."

భానుప్రకాశ్‌కు అర్థమైంది. నవ్వబోతే దగ్గు వచ్చింది. కొమురెల్లి ఫోన్‌లో కరుణ నంబరు కలిపి అతని చెవి దగ్గర పెట్టి, తను గోడ వైపు తిరిగి బాహాటంగానే ఏడ్చాడు.

చిప్ మార్తా మోకాలి పట్టీలో దొరికింది. ఆవిడను బస్సులోంచి దించేటప్పటికి ఇంకా ఆరుగురు ఆడవాళ్లు పట్టుకునే ఉన్నారు, పోలీసులకు అప్పగించటానికి కూడా ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఫైలు మూసేశారు. ఒక్క చిక్కు మిగిలింది. కోకిల పిడికిట్లో దొరికిన తాళాల గుత్తికి రూలు ప్రకారం సీలు వేసి ఢిల్లీ పంపేశారు. మర్నాడు పొద్దున్నే భూదేవి జెరాక్స్ షాపు వెనక గదికి వచ్చి నిలబడింది. ఆ రహస్య కార్యాలయం అక్కడుందని ఆమెకెవరు చెప్పారన్నది ఇప్పటికీ దర్యాప్తులో ఉంది.

"దేశభద్రతకు సంబంధించిన వస్తువమ్మా అది, ఇవ్వటం కుదరదు," అన్నాడు చీఫ్, వీలైనంత మర్యాదగా.

"మరి నా ఇంటి తలుపు ఎవ్వలు తీస్తరు సారూ?"

ఆ ప్రశ్నను చీఫ్ ఢిల్లీకి కోడ్‌లో పంపాడు. జవాబు వచ్చేలోగా తనే సుత్తి పట్టుకుని ఆమె వెంట బయల్దేరాడు.