కొమ్ము పోయిన చోటు

గోష్పాద క్షేత్రం రేవులో మురళీకృష్ణ శవం తేలింది. బాగా ఈత వచ్చినవాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు.

రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర ఏజెంట్ ఎజ్రా ఒక ఆటో ఆపాడు.

"పెద్దాపురం బస్సు పోయిందాండీ?"

"జాతరకి స్పెషలేశారండి."

కోడ్ సరిపోయింది. ఖాకీ చొక్కాలో ఉన్నది బ్యూరో చీఫ్ ఉదయభాస్కర్. కదులుతున్న ఆటోలోనే బ్రీఫింగ్.

"చచ్చినోడు ఆనకట్ట గేట్ల కంట్రోల్ రూమ్‌లో మన ప్రోగ్రామర్. ఆఖరి వాయిస్ మెసేజ్ ఇదీ."

ఫోనులో రొప్పుతున్న గొంతు: "లోడ్ దగ్గర కొమ్ము చూడండి సార్... కొమ్ము..."

"గేట్ ఆపరేటర్ కొమ్ము శాంతికుమార్. ఆనకట్ట మీద కన్నేసిన ముఠాని ఇసుక లోడ్ల దగ్గర కలిశాడు. మన కన్సల్టెంట్ సత్యశ్రీ తేల్చింది. లోపలేశాం."

"ఆయన మా బావండి."

"తెలుసు. కక్కించు. ముఠా ఈరోజే గేట్లెత్తుద్దని ఢిల్లీ అలర్టు."

ఎండాకాలం. ఆనకట్ట దిగువన ఇసుకతిన్నెల మీద పుచ్చపాదుల్లో కూలీలున్నారు. వాళ్ళలో అతని అక్క తబిత. మొగుడు లాకప్పులో, ఆవిడ ఏట్లో.

"ముందు కూలీల్ని ఖాళీ చేయించండి సార్."

"ముఠాకి తెలిసిపోద్దయ్యా."

కలెక్టరుగారి అమ్మగారే తిన్నె మీదుంటే తెలిసిపోయినా ఫర్వాలేదనేవాడు. ఎజ్రా ఆ మాట మింగేశాడు. లాకప్పుకి వెళ్ళలేదు. ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో దిగాడు.

సత్యశ్రీ నెమలికంఠం రంగు చీరలో ఉంది. గదంతా సెంటు.

"ఏసీ చూడమంటే స్క్రీను చూస్తారేంటండీ?"

"చదువబ్బలేదు గానీ అక్షరాలంటే ముచ్చటండి."

స్క్రీను మీద కెర్నెల్ కాపలా ప్రోగ్రాం, మెషీను గుండెలో కూర్చుని గేట్లకొచ్చే ప్రతి ఆజ్ఞనీ తనిఖీ చేసేది. దాని బైట్‌కోడ్‌ని, అప్పటికప్పుడు తర్జుమా చేసే జిట్ కంపైలర్ మెషీన్ భాషలోకి మార్చిన వరసలు. బయటి నుంచి వచ్చే ఆజ్ఞ ముప్పై రెండు బిట్ల అంకె. దాన్ని అరవై నాలుగు బిట్ల రిజిస్టరులోకి లోడ్ చేసినప్పుడు పైసగం సున్నాలతో నిండాలి. అలా నింపే ఆజ్ఞ lwu. చివరి అక్షరం పోతే lw. అప్పుడు అంకెలో పై బిట్ ఒకటైతే పైసగమంతా ఒకట్లే. అంత పెద్ద అంకె వస్తే ఈ మెషీను చీఫ్ ఇంజినీరు హుకుం అనుకుంటుంది, గేట్లెత్తేస్తుంది. అంకె పెద్దదైతే లేచి నిలబడడం మెషీను కూడా మన ఆఫీసుల్లోనే నేర్చుకున్నట్టుంది.

స్క్రీను మీద ప్రతి లోడ్ దగ్గరా ఉన్నది lw. కంపైలర్ని ఆఖరున మార్చినవాళ్ళ పేరు సత్యశ్రీ.

ట్రైనింగులో మురళీకృష్ణ ఎజ్రా పక్క సీటు. తెలుగు మీడియం వాడు. యు అక్షరాన్ని చచ్చినా యు అనేవాడు కాదు. 'ఎల్ డబ్ల్యూకి కొమ్మివ్వరా' అనేవాడు.

"కాన్వెంటులో కొమ్ములు నేర్పరు కదండీ మేడం? అందుకే ఆ మెసేజ్‌లోది ఇంటిపేరనుకుని చెరపకుండా వదిలేశారు," అన్నాడు ఎజ్రా.

సత్యశ్రీ నవ్వింది. "మీ చీఫ్ కూడా అదే అనుకున్నాడు. ఆ ఇంటిపేరంటే ఎంత తొందరగా నమ్మేశాడో!"

ఆమె చేతిలోని లిప్‌స్టిక్ అడుగున ఎర్రదీపం వెలిగింది. ట్రాన్స్‌మిటర్! ఎజ్రా స్పానరులో దాచిన కరెంటు ఆమె మణికట్టుకి తగిలింది. పడిపోయింది. కానీ సిగ్నల్ వెళ్ళిపోయింది.

మోటార్లు గుర్రుమన్నాయి. మానిటర్లో మొదటి గేటు కింద తెల్లటి నీటిచార. దూరంగా తిన్నె మీద రంగురంగుల చీరలు వంగి కాయలు కోస్తున్నాయి.

కొమ్ము పెట్టి కంపైలర్ని మళ్ళీ కట్టే వ్యవధి లేదు. ఎజ్రా జిట్‌ని ఆపేశాడు. కాపలా ప్రోగ్రాంని తీసి, ఒక్కో వరసా చదువుకుంటూ నడిపే ఇంటర్‌ప్రెటర్ మీద మళ్ళీ లోడ్ చేశాడు. అది నత్తనడకే, కానీ సున్నాలు ఎగ్గొట్టదు. ఎంటర్.

స్క్రీను మీద సత్యశ్రీ పంపిన అంకె పక్కన: పర్మిషన్ డినైడ్.

గేటు కిందికి దిగింది. నీటిచార ఇసుకలో ఇంకిపోయింది. చీరల్లో ఒక్కటీ తల ఎత్తలేదు.

సాయంత్రం లాకప్పు తెరిచి ఉదయభాస్కర్ గొంతు సవరించుకున్నాడు. "పొరపాటైంది శాంతికుమార్ గారూ. విడుదల కాగితం. ఇక్కడ సంతకం పెట్టండి."

వాచిన వేళ్ళ మధ్య శాంతికుమార్ పెన్ను ఇరికించుకున్నాడు.

"ఇంటిపేరుతో పెట్టమంటారాండీ? మళ్ళీ ఇబ్బందేమో మీకు."