తలుపు కింది తీగ

"బోర్డు ఏదే?" అన్నాడు ప్రభాకర్, మిక్సీ గిన్నె చేత్తో పట్టుకుని.

వంటింటి సాకెట్ కాలిపోయినప్పటి నుంచీ, హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగితే తప్ప మిక్సీ తిరగదు. ఆ బోర్డును భార్య పుష్పలత నిన్ననే రేడియో స్టేషన్‌కు పట్టుకుపోయిందని తెలిసి ఆయన ముఖం మాడ్చుకున్నాడు. అంత పెద్ద స్టేషన్‌కు ఒక బోర్డు గతి లేదా అని సణిగాడు. సంతకు పోయిన అమ్మ వచ్చేసరికి దోసెల్లోకి పల్లీ చట్నీ చేసి పెడతానని మాటిచ్చాడట. ప్రోగ్రామ్ కాగానే తెస్తానని చెప్పి ఆమె చెప్పులేసుకుంది.

భద్రాచలం అడవి అంచున, వాళ్ల ఇంటి వెనక వీధిలోనే ఉన్న ఆ చిన్న ఎఫ్ఎం స్టేషన్‌లో పుష్పలత టెక్నీషియన్. అది కవర్ మాత్రమే. అసలు ఉద్యోగం సంగతి మొగుడికి కూడా తెలియదు. కోడ్ నేమ్, ఇప్పపువ్వు.

ఖమ్మంలో విత్తనాల డీలర్ వేషంలో కూర్చుని చీఫ్ ఉదయ్ భాస్కర్ రెండు రోజుల కిందటే బ్రీఫింగ్ ఇచ్చాడు. స్టేషన్ ఫోన్-ఇన్ ప్రోగ్రామ్ మీద ఒక విదేశీ ముఠా కన్నేసింది. ల్యాండ్‌లైన్ ఎత్తేశారు కాబట్టి స్టూడియోలో శబ్దాలు కలిపే పాత అనలాగ్ మిక్సర్‌కు ఇంటర్నెట్ ఫోన్ తగిలించాలి.

"తగిలించండి. వాళ్లు కాల్ చేస్తే ఎక్కడి నుంచి చేశారో పట్టేస్తాం. లోపల మన మనిషి సుజన ఉంది."

ఆమె ఇంటర్నెట్ ఫోన్ మాటను పాత మిక్సర్‌కు పనికొచ్చే శబ్దంగా మార్చే అడాప్టర్ పెట్టింది. సబ్బు పెట్టెంత ఉంటుంది. గుయ్యిమనే హమ్ కూడా లేకుండా చేసేదాకా ఇంటికి పోలేదు. ఒక్కటే చిక్కు. ల్యాండ్‌లైన్ తన కరెంటు తన తీగలోనే తెచ్చుకునేది. దీనికి ప్లగ్ కావాలి. స్టూడియోలో ఖాళీ సాకెట్ లేదు. అందుకే వరండా సాకెట్ నుంచి తలుపు కిందుగా ఇంటి బోర్డు లాగింది.

ఆ సాయంత్రం ప్రోగ్రామ్ మొదలై తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది. అది వెలుగుతుంటే మేనేజర్ కూడా లోపలికి రాడు. అనౌన్సర్ సుజన పట్టుచీర సర్దుకుని పాట వేసింది, మైకు మూసింది. మిక్సర్ మీదికి వంగిన పుష్పలత మెడకు చల్లగా ఏదో తగిలింది. సుజన చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

"కదలకు అక్కా. నువ్వు తగిలించినంత సాఫుగా మావోళ్లు ఎవరూ తగిలించలేకపోదురు."

మిగతాది తీరిగ్గా చెప్పింది. వాగు వంతెన కింద ఒక ట్రాన్సిస్టర్, దానికి తగిలించిన బాంబు. ఆ అడవిలో సెల్ సిగ్నల్ అందదు, రేడియో ఒక్కటే అందుతుంది. కాలర్ ఆరు అంకెలు నొక్కుతాడు. ఆ టోన్లు గాల్లో పోయి బాంబును లేపుతాయి. అప్పటికి వంతెన మీద అశ్వారావుపేట పామాయిల్ గెలల లారీ ఉంటుంది. గెలల కింద క్షిపణి భాగాలు.

"దాని ఎనకనే సంత బస్సు వస్తది," అంది పుష్పలత. "మా అత్త ఉన్నది అండ్ల."

"అవ్. పాపం," అని సుజన మైకు తెరిచి, "హలో, ఎవరు మాట్లాడుతున్నరు?" అంది తేనెలా.

మొదటి టోన్ వినిపించింది. అద్దంలా స్పష్టంగా ఉంది. హమ్ ఒక్కటి ఉంచినా చెడిపోయేదేమో. అరిస్తే తూటా దిగుతుంది, టోన్లు మాత్రం ఆగవు. జేబులో పెన్ కెమెరా ఉంది, ఫోటో తీయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. రెండు, మూడు. తన చేత్తో బిగించిన తీగలోంచే అత్త చావు నడిచి వస్తుంటే పుష్పలత చూస్తూ నిలబడింది. నాలుగు. అయిదు.

అడాప్టర్ పచ్చ లైటు ఆరిపోయింది.

నేల మీద తీగ పాములా తలుపు కిందికి జారుతోంది. బోర్డు అడాప్టర్‌ను కిందికి లాగి పడేసి, వెళ్లి తలుపుకు ధబ్బున కొట్టుకుంది.

"పుష్పా," అని వరండాలోంచి ప్రభాకర్ కేక. "ఎర్ర లైటు ఉన్నది, నేను లోపలికి వస్తలే. బోర్డు ఇరుక్కుంది, జర ఇటు తొయ్యి."

సుజన తల ఒక్క క్షణం తలుపు వైపు తిరిగింది. పుష్పలత చేతికందిన మైకు స్టాండ్‌కు ఆమెను పడగొట్టడానికి ఆ క్షణం చాలింది.

రాత్రి అందరూ దోసెలకు కూర్చున్నారు. లారీ వల్ల బస్సు వంతెన మీద నత్తలా వచ్చిందని అత్త ఆదెమ్మ తిట్టింది. డ్రైవర్ పెట్టిన రేడియోలో కొడుకు గొంతు విని బస్సంతా నవ్విందట. పుష్పలత ఫోన్‌లో చీఫ్ మెసేజ్ మెరిసింది. కాల్ కట్ చేసిన గ్యాడ్జెట్ ఏమిటి? హెడ్డాఫీసుకు కావాలి.

ప్రభాకర్ చట్నీ గిన్నె మధ్యలో పెట్టి అందరికీ వినపడేట్టు చెప్పాడు. "రేపటి సంది ఈ బోర్డు గడప దాటదు."

పుష్పలత దోసె తుంచుతూనే ఎడమ చేత్తో టైప్ చేసింది. "గ్యాడ్జెట్ ఇక డ్యూటీకి రాదు సర్. ఇంట్లోవాళ్లు వెనక్కి తీసుకున్నారు."